కాగజ్‌నగర్‌లో కుట్టిన రిజిస్టర్లు

గురువారం ఉదయం ఆరున్నరకు కరీంనగర్ బస్టాండులో పెద్దపల్లి బస్సెక్కాం, నేనూ రాజవ్వా. మా బస్తీ మహిళా సంఘాలకు నేను ఆర్పీని, అంటే రిసోర్స్ పర్సన్‌ని. సమావేశాలు పెట్టించడం, తీర్మానాలు రాయడం, ఎవరైనా శిక్షణ ఇస్తామంటే ఆడవాళ్లను పోగుచేయడం నా పని. రాజవ్వ చిన్నప్పటి నుంచి బీడీలు చేస్తోంది. ఈ మధ్య వారంలో రెండు మూడు రోజులే ఆకు ఇస్తున్నారు. మిగతా రోజుల్లో మా బస్తీ ఆడవాళ్లు బీడీలు చుట్టే చాటలు గోడకు ఆనించే ఉంటాయి.

కాగజ్‌నగర్‌లో ఒక కార్మికవాడ ఆడవాళ్లు బడులకూ ఆఫీసులకూ రిజిస్టర్లు కుట్టి బతుకుతున్నారని విన్నాను. చూసొద్దామంటే సంఘంలో ఎవరూ కదల్లేదు.

"కుట్టుమిషన్లంటివి, నేర్సుకున్నం. పచ్చళ్లంటివి, నేర్సుకున్నం. సర్టిఫికెట్లు సందూకల వడ్డయి," అంది రాజవ్వ. "గిప్పుడు పుస్తకాలా పద్మా? సరే, నేనొస్త. నా కండ్లతోని సూస్తెనే నమ్ముత."

ఆ శిక్షణలన్నీ పెట్టించింది నేనే. గురువారం పొద్దున బయల్దేరదామని మాత్రం అన్నాను.

పెద్దపల్లి స్టేషన్‌కు ఎనిమిదింటికి ముందే చేరాం. ప్యాసింజరు అరగంట ఆలస్యం. ప్లాట్‌ఫారం మీదే కూర్చుని రాజవ్వ తెచ్చిన సర్వపిండి తిని, చెరో చాయ తాగాం. రామగుండం దాటాక గోదావరి వచ్చింది. రాజవ్వ కిటికీలోంచి దండం పెట్టి, నీళ్లు అటు ఒడ్డునే ఉన్నాయేమని ఆశ్చర్యపోయింది.

మంచిర్యాలలో ఒకాయన ఎక్కి మా ఎదురుగా కూర్చున్నాడు. పేరు మల్లయ్య. కాగజ్‌నగర్‌లో ఆటో నడుపుతాడట, సామాను కొనడానికి వచ్చి తిరిగి పోతున్నాడు.

"కాగితం మిల్లు బందయినప్పుడు పనికి మహారాష్ట్రకు పోయిన. మల్ల తెరిసిండ్రు గని అప్పటికే నాకు ఆటో అలవాటైంది," అన్నాడు. మేం ఎందుకు వస్తున్నామో చెబితే నవ్వాడు. "రిజిస్టర్లు కుట్టే సుజాతక్క దగ్గరికా? రాండ్రి, నేనే దించుత."

పదకొండుంబావుకు దిగాం. ఆటోలో పది నిమిషాలు. చర్చి వెనక రేకుల హాలు. చర్చి పెద్దలు ఆడవాళ్లకు వాడుకోమని ఇచ్చారు. వెళ్లేవాళ్లు ఆదివారం పోకండి, మధ్యాహ్నం దాకా ప్రార్థనే ఉంటుంది. లోపల ఆరుగురు చాపల మీద కూర్చుని కాగితాలు మడుస్తున్నారు. మడిచిన కట్టలను సూదీదారంతో ఒకదానికొకటి కుట్టి, పుస్తకం వీపుకు మైదా జిగురుతో గుడ్డ అంటించి, ఇనుప ప్రెస్సు కింద బిగిస్తారు. సుజాతక్కకు నలభై దాటి ఉంటాయి. మిల్లు మూతబడి భర్త పని పోయిన ఏడు, వాళ్ల మామ దగ్గర ఈ పని నేర్చుకుందట.

"మీ ఊర్ల ఎవలు కొంటరు మేడం?" అని అడిగింది, మేం వచ్చిన పని వినగానే.

"ముందు పని నేర్చుకుంటే, తర్వాత..." అన్నాను.

"అట్ల కాదు. నేను ఆర్నెల్లు బడులు తిరిగిన. నాలుగు బడులు సరే అన్నంకనే ఇండ్ల నుంచి ఆడోళ్లను పిలిచిన."

రాజవ్వ నా వైపు చూసింది. నేను నోట్‌బుక్ తీసి రాసుకున్నట్టు నటించాను.

అంతలోనే బయట ఒక వ్యాను ఆగింది. ఒక బడి వాళ్లు మొన్న తీసుకున్న రిజిస్టర్లను తిప్పి పంపారు. తెరిస్తే చాలు కాగితాలు చేతికొస్తున్నాయి. సాయంత్రం బడి వదిలేలోపు బాగుచేసి ఇవ్వకపోతే ఇక వేరేవాళ్ల దగ్గర కొంటామని చెప్పమన్నారట. సుజాతక్క ఒకటి విప్పి, దారం వేలితో లాగి చూసింది. కొత్తగా చేరిన ఇద్దరి కుట్టు అది. ఒకమ్మాయి కళ్లు తుడుచుకుంటోంది.

"ఏడ్సుడు మల్ల. ముందుగాల ఇప్పుండ్రి," అంది సుజాతక్క.

అందరూ పాత కుట్లు విప్పడం మొదలుపెట్టారు. రాజవ్వ కాసేపు చూసి, కొంగు నడుముకు దోపింది. "నాకో సూదియ్యి బిడ్డా."

మొదటిది కుట్టి ఇస్తే సుజాతక్క మొహమాటం లేకుండా కుట్టు విప్పేసింది. "దారం బిగిసింది అవ్వా, గని కాగితం తెగింది. బీడీ దారం లెక్క గుంజద్దు." రెండోదీ అంతే. మూడోదాన్ని తిప్పి తిప్పి చూసి, మంచివాటి పక్కన పెట్టింది. రాజవ్వ ఇంకో కట్ట దగ్గరికి జరుపుకుంది. ఎవరూ సరిగ్గా భోజనం చేయలేదు. జొన్నరొట్టె ముక్కలు చేతిలోనే పెట్టుకుని తిన్నాం. నేను గుడ్డలు కోసి ఇచ్చాను, నా కుట్టు ఎవరికీ పనికిరాలేదు.

మూడింటికి ప్రెస్సు విప్పి రిజిస్టర్లు కట్టగట్టి, మల్లయ్యను పిలిపించి అతని ఆటోలో సుజాతక్క బడికి బయల్దేరింది. మేం హాల్లో దారం ముక్కలు ఊడ్చాం. ముప్పావుగంటకు ఖాళీ చేతులతో వచ్చింది.

"తీసుకున్నరు. గని వచ్చేసారి ఒకటి ముందుగాల చూపెట్టి, వాళ్లు సరే అన్నంకనే తక్కినయి కుట్టాలెనట."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అప్పుడు రాజవ్వ, నన్ను కాదు, సుజాతక్కను అడిగింది. "ఓ పదిరోజులు ఈడ్నె ఉంట. నేర్పుతవా?"

"మా ఇంట్లనే పండు అవ్వా. అంచులు కోసె కట్టింగు మిషను గుడ నేర్సుకో."

"పద్మా, మా కోడలికి ఫోన్ చేసి చెప్పు, ఫికర్ చెయ్యద్దని," అంది నాతో. "నేను పని నేర్సుకొస్త. కొనెటోళ్లను నువ్వు సూడు."

అయిదున్నర బండికి ఒక్కదాన్నే ఎక్కాను. బెల్లంపల్లిలో ఒక టీచరమ్మ వచ్చి పక్కన కూర్చుంది, పెద్దపల్లిలో దిగుతుందట. ఇన్నేళ్లుగా ఆఫీసర్లు చెప్పింది బస్తీకి చెప్పడమే నాకు తెలుసు. ఒక మనిషిని, మా దగ్గర కొంటారా అని అడిగింది ఏనాడూ లేదు. మంచిర్యాల దాకా మాటలు కూడబెట్టుకుని, చివరికి అడిగేశాను, మీ బడికి రిజిస్టర్లు ఎక్కడ కొంటారు మేడం అని.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మా పెద్దసారును అడగాలె. జర గట్టి మనిషి. సోమవారం పదింటికి రాండ్రి, ఒక నమూనా పట్టుకొని."

బడి పేరు, ఊరి పేరు చెప్పించుకుని, కింద రాజవ్వ చేత ఒక నమూనా కుట్టించి తెప్పించాలని కూడా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఈసారి నటన కాదు.