బళ్లో చెప్పని జవాబులు

నాన్నగారి రెండో మాసికం అయిన మర్నాడు, వచ్చిన చుట్టాలంతా వెళ్లిపోయి పటమటలో మా ఇల్లు మళ్లీ నిశ్శబ్దమయ్యాక, మా మనవరాలు వాళ్ల బళ్లో చదవమన్న నవల ఒకటి పట్టుకుని నా పక్కన చేరింది. ఎక్కడిదో ఒక బడి, అందులో ఒక కుర్రవాడు చెప్పినట్టు తరగతి అంతా నడుచుకోవడం, నడుచుకోని ఒక్కడిని అందరూ కలిసి వెలివెయ్యడం, స్థూలంగా కథ అదీ. పిల్లకి అది నచ్చలేదు. వాళ్లు అంతమంది ఉన్నారుగా అమ్మమ్మా, ఒక్కడంటే అంత భయమేమిటి, నమ్మేలా లేదు అంది. పుస్తకం తీసుకుని నాలుగు పేజీలు తిప్పి ఇచ్చేశాను. నా వయసువాళ్లెవరూ ఆ ప్రశ్న వెయ్యరు. మనం చదువుకున్న బళ్లు అటువంటివి.

డెబ్బైల నడిమి రోజులు. నేను తొమ్మిదో తరగతికి వచ్చిన ఏడు నాన్నగారికి బెజవాడ పక్క ఊరి నుంచి ఉయ్యూరు అవతల ఒక పల్లెలోని హైస్కూలుకి బదిలీ అయింది. ఆయన తెలుగు పండితులు. అప్పటిదాకా బెజవాడలో ఆడపిల్లల బళ్లో చదివిన నేను మొదటిసారి మగపిల్లలతో కలిసి ఒకే గదిలో కూర్చున్నాను. అమ్మకి ఉబ్బసం. నెలకి రెండుసార్లయినా గవర్నర్‌పేటలో డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాలి. ఆ ఊరికి బస్సు ఉండడమే మా అదృష్టమని నాన్నగారు అంటూ ఉండేవారు. అంతకన్నా దూరమైతే ఏమై ఉండేదో అని అమ్మ దణ్ణం పెట్టుకునేది.

బడికి పక్కా భవనం సగమే లేచింది. తొమ్మిది, పది తరగతులు తాటాకు పాకలో నడిచేవి. గదికీ గదికీ మధ్య తడిక ఉండేది. పదో తరగతికి నాన్నగారు పద్యం చదువుతుంటే మా తరగతిలో లెక్కలు వింటున్న మాకు వినపడేది. బడి స్థలం ఊరి ప్రెసిడెంటు గారి తండ్రి ఇచ్చినది. ప్రెసిడెంటు గారి మాట జిల్లా పరిషత్తులో చెల్లుతుందని ఊళ్లో అందరికీ తెలుసు. చెరకు గానుగల కాలంలో ఫ్యాక్టరీకి పోయే ఎడ్లబళ్ల వెనక పిల్లలు పరుగెత్తి గడలు లాక్కోవడం, తోలేవాళ్లు తిట్టడం రోజూ చూసేదే గానీ, ప్రెసిడెంటు గారి బండి వస్తే మాత్రం పిల్లలు పక్కకి తప్పుకుని నిలబడేవారు. ముట్టుకోవద్దని వాళ్లకి ఎవరూ చెప్పి ఉండరు. ఆయన కొడుకు మా తరగతిలోనే ఉండేవాడు. సన్నగా, పెద్దగా మాట్లాడని పిల్లవాడు.

మా లెక్కల మాస్టారు మంచి మాస్టారే. ఆయన గీసిన వృత్తం తాడు పెట్టి గీసినట్టుండేది. అయితే ఆ రోజుల్లో చాలా బళ్లలో ఉన్న పద్ధతే ఆయనదీ. ప్రశ్న వేస్తే రానివాళ్లు నిలబడే ఉండాలి, వచ్చినవాళ్లు వెళ్లి ఒక్కొక్కరి ముక్కు ఎడమ చేత్తో పట్టుకుని కుడిచేత్తో చెంప మీద కొట్టాలి. మెల్లగా కొడితే ఎలా కొట్టాలో మాస్టారు కొట్టినవాళ్ల చెంప మీదే చూపించేవారు. ఆడపిల్ల చేత మగపిల్లల్ని కొట్టిస్తే వాళ్లకి పౌరుషం వచ్చి చదువుతారని ఆయన నమ్మకం. మీలోనూ చాలామంది ఆ దెబ్బలు తిన్నవాళ్లో కొట్టినవాళ్లో అయి ఉంటారు.

అందులో నాకు తెలియనిది ఒకటి ఉంది. కొట్టేవాళ్లు ప్రెసిడెంటు గారి అబ్బాయి దగ్గరికి వచ్చేసరికి వాళ్ల చెయ్యి వాడి చెంపకి తగిలీ తగలకుండా, ఈగని తోలినట్టు, దాటిపోయేది. సరిగ్గా అప్పుడే మాస్టారు వెనక్కి తిరిగి బోర్డు తుడుచుకునేవారు. ఈ నియమం ఎవరు పెట్టారంటే ఎవరూ పెట్టలేదు. కొత్తగా వచ్చినదాన్ని కనక నేను గమనించలేదు, గమనించి నేర్చుకోవలసిన సంగతి ఇందులో ఉందని కూడా తోచలేదు. ఒకరోజు త్రిభుజం బాహ్యకోణం దేనికి సమానమని అడిగితే, మిగతావాళ్లు ఒక్కొక్కరే తెలీదని నిలబడిపోయాక, నేను చెప్పాను. వరసగా కొట్టుకుంటూ వెళ్లి వాడినీ అందరినీ కొట్టినట్టే కొట్టాను. వాడు ఏడవలేదు, కోపగించుకోలేదు. చెంప తడుముకుని, ఏదైనా అంటుకుందేమో అన్నట్టు వేళ్లు చూసుకున్నాడు. మాస్టారు కూర్చోమని చెప్పి, ఆ పూట మరో ప్రశ్న వెయ్యకుండా బోర్డు మీద లెక్క చెయ్యడం మొదలుపెట్టారు.

మర్నాటి నుంచి నాతో ఎవరూ మాట్లాడలేదు. వాడు ఎవరికైనా ఏమైనా చెప్పాడా అంటే, చెప్పలేదనే ఇప్పటికీ నా నమ్మకం. చెప్పవలసిన అవసరం వాడికి ఎప్పుడూ రాలేదు. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ఆడపిల్లలు గుండ్రంగా కూర్చునేవారు. నేను వెళ్లేసరికి సందు మూసుకుపోయేది. సాయంత్రం రింగు ఆటలో నన్ను జట్టులోంచి తీసెయ్యలేదు, తీసేస్తే డ్రిల్లు మాస్టారు అడుగుతారు కదా, కానీ రింగు మాత్రం నా చేతికి రాదు. ఆట అయ్యేదాకా ఊరికే నిలబడి ఉండేదాన్ని. మగపిల్లలు ఇంకొంచెం సరదా కనిపెట్టారు. నేను కనపడితే చాలు, "ముక్కులు మూసుకోండ్రా, బెజవాడ చెయ్యొస్తోంది" అని ఒకడు అనడం, వరండా పొడుగునా అందరూ ముక్కులు మూసుకోవడం. చిన్న తరగతుల పిల్లలకి అది ఎందుకో కూడా తెలీదు, అయినా మూసుకునేవారు. మొదట్లో నాకూ నవ్వొచ్చింది. నాతో కలిసి నవ్వేవాళ్లు లేకపోయేసరికి ఆ నవ్వు ఎంతోకాలం నిలవలేదు.

అంతకుముందు నా పక్కన కూర్చునే అమ్మాయి చెరకు కాటా గుమాస్తా గారి కూతురు. ఆ పిల్లకి నేనంటే ఇష్టం. మా ఇంటికి వచ్చి అమ్మకి గుండ్రాయి తిప్పి పిండి రుబ్బిపెట్టేది కూడా. తనూ వెనక బెంచీకి జరిగిపోయింది. ఒకరోజు బోరింగు దగ్గర ఇద్దరమే పడితే, నేను ఏం చేశానే అని అడిగాను. చుట్టూ చూసి, నీళ్ల చప్పుడు ఆగకుండా పంపు కొడుతూనే చెప్పింది.

"నీతో మాట్లాడొద్దని నాకెవరూ చెప్పలేదే. అందరూ మానేశారు, నేనొక్కదాన్నే ఎట్లా మాట్లాడను?"

మా మనవరాలి ప్రశ్నకి జవాబు ఆ పిల్ల పధ్నాలుగో ఏటే చెప్పింది. ఆ ఒక్కడంటే ఎవరికీ అంత భయం లేదు. మిగతా అందరూ ఒకవైపు ఉంటే తను ఇంకోవైపు మిగిలిపోతానేమోననే భయం.

ఇంట్లో ఏమీ చెప్పలేదు. చెప్పకపోయినా నాన్నగారికి తెలిసే ఉంటుంది, తడిక అవతలి నుంచి బడిలో ప్రతిదీ వినపడేదే. ఒక సాయంత్రం బడి వదిలాక, నాన్నగారు సైకిలు తీస్తుండగా ప్రెసిడెంటు గారు పనివాళ్లకి ఇటుకల సంగతి చెప్పి అటుగా వచ్చారు. మనిషి తెల్లగా, మెత్తగా ఉంటారు, అందరినీ గారు అనే పిలుస్తారు. అమ్మ ఆయాసం ఎలా ఉందని అడిగారు, బెజవాడ డాక్టరు మందు పని చేస్తోందా అని అడిగారు. తరవాత నావైపు చూశారు.

"మీ అమ్మాయి బాగా చదువుతుందంట కదండీ మాస్టారూ. సంతోషం. తెలివైన పిల్లలకి ఎక్కడైనా ఒకటేలెండి. దివిసీమలోనూ మంచి బళ్లే ఉన్నాయండీ."

అంతే అన్నారు. నా తలమీద చెయ్యి వేసి నిమిరి వెళ్లిపోయారు. దివిసీమ అంటే ఆ రోజుల్లో పడవలో ఏరు దాటి, బురదలో నడిచి, ఆయాసం మనిషిని బెజవాడ చేర్చేసరికి ఏమవుతుందో చెప్పలేని దూరం. నాన్నగారు సైకిలు ఎక్కలేదు. కాలవ గట్టు మీద దాన్ని నడిపించుకుంటూ, నేను పక్కన నడుస్తూ, చాలా దూరం వచ్చాం. ఇంట్లో పుస్తకాలు తప్ప వేరే ఆస్తి లేని మనిషి. మాట మింగడం అన్నం మింగినంత తేలిక కాకూడదని నాకు చిన్నప్పుడే చెప్పిన మనిషి. లాకుల దగ్గరకి వచ్చాక ఆగారు, నావైపు చూడకుండా అన్నారు.

"తెలిసినా తెలీదని చెప్పు తల్లీ. కొన్నాళ్లే."

సరే నాన్నగారూ అన్నాను. ఆయన మీద కోపం రాలేదు. ఈ లోకంలో నా పక్షాన ఉన్న ఒక్క మనిషి కూడా కాస్త జరిగి వాళ్ల పక్కన నిలబడినట్టు మాత్రం అనిపించింది. బెంచీ మీద ఒంటరిగా కూర్చున్న రోజుల్లో కూడా అంత ఒంటరితనం నాకు తెలియలేదు.

ఆ వారంలోనే మాస్టారు అర్ధవృత్తంలోని కోణం ఎంత అని అడిగారు. నా వంతు వచ్చింది. లేచి నిలబడ్డాను. అవతల నాన్నగారు పద్యం మధ్యలో ఉన్నారు.

"తెలీదండీ" అన్నాను.

అవతల గొంతు ఆగిపోయింది. మాస్టారు కూడా ఒక్క క్షణం నన్ను చూసి, నా తరవాతివాళ్లని అడగసాగారు. చెప్పింది కాటా గుమాస్తా గారి అమ్మాయే. అందరినీ కొట్టుకుంటూ నా దగ్గరికి వచ్చి, నా ముక్కు పట్టుకుని గట్టిగానే కొట్టింది. మెల్లగా కొడితే తనూ నావైపు మిగిలిపోతుంది, నాకు తెలుసు. ఆ పిల్ల వేళ్లు చల్లగా ఉన్నాయి. తరగతి పగలబడి నవ్వింది. ఎవరూ మనసులో విషం పెట్టుకుని నవ్వలేదు. ఊపిరి బిగబట్టుకున్నవాళ్లు వదిలినట్టు నవ్వారు. ఆ నవ్వు ఆగాక కూడా అవతల పద్యం మొదలుకాలేదు. చాలాసేపటికి, ఆగిన చోటు నుంచి కాక, మొదటి పాదం నుంచి మళ్లీ అందుకున్నారు.

ఆ సాయంత్రం ఆటలో రింగు నా చేతికి వచ్చింది.

ఇంకో సంగతి కూడా జరిగింది. సైకిళ్ల దగ్గర నాన్నగారి కోసం నిలబడి ఉంటే ప్రెసిడెంటు గారి అబ్బాయి వచ్చాడు. వాడు నాతో మాట్లాడడం అదే మొదలు, అదే చివర. "నీకొచ్చు కదా అది. ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. తన పేరు మీద ఏం జరుగుతోందో ఆ పిల్లవాడికి తెలీదు. కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. వాడికి మాత్రం స్నేహితులెవరున్నారని తరవాత చాలాసార్లు అనుకున్నాను.

ఇంట్లో దీపం పెట్టాక నాన్నగారు అరుగు మీద కూర్చుని నన్ను పిలిచారు. మాస్టారు ఏం అడిగారో చెప్పమన్నారు. చెప్పాను. జవాబేమిటన్నారు. లంబకోణం అన్నాను. ఎందుకని అడిగారు. ఆయనకి లెక్కలు రావు, ఆ సంగతి ఆయనే నవ్వుతూ చెప్పుకునేవారు. జేబులోంచి సుద్దముక్క తీసి ఇచ్చారు. అరుగు మీద వృత్తం గీశాను, కేంద్రం నుంచి గీత కలిపాను, రెండు సమద్విబాహు త్రిభుజాలు వచ్చాయి చూడండి అన్నాను. ఆయన కొత్త పాఠం వింటున్న పిల్లవాడిలా ముందుకి వంగి చూశారు. అర్థమైందో లేదో తెలీదు. అయ్యాక, "రేపు బళ్లో ఏది చెప్పకుండా ఉంచుకుంటావో అది ఇక్కడ చెప్పు" అన్నారు. క్షమించమనలేదు. ఆయన అని ఉంటే నేను భరించలేకపోయేదాన్ని.

ఆ రెండేళ్లూ అలాగే గడిచాయి. బళ్లో నేను వచ్చీరాని పిల్లని, అరుగు మీద అన్నీ వచ్చిన పిల్లని. అమ్మ బెజవాడ మందులు వాడుతూ ఇంకో ఇరవై ఏళ్లు బతికింది. ఆ లెక్క వేసి చూస్తే నాన్నగారు తప్పు చేశారని అనలేను, ఒప్పు చేశారని ఆయనే ఎన్నడూ అనలేదు. పదో తరగతి పరీక్షలో ఎవరూ ఎవరినీ కొట్టనక్కరలేదు కాబట్టి బాగానే రాశాను. తరవాత బెజవాడలో కాలేజీ, పెళ్లి, ముప్పై ఏళ్ల ఆఫీసు. ఆఫీసులోనూ పెద్దలు అన్నదానికి అందరూ తలలూపే చోట నేనూ ఊపాను, అత్తవారింట్లో అనవలసిన చోట అనలేదు. ఆదివారం నాన్నగారి దగ్గరికి వెళ్లి, అక్కడ చెప్పనివన్నీ వరసగా చెప్పేదాన్ని. ఇలా అనవలసింది అని ఆయన ఏనాడూ అనలేదు. ఎందుకు అని మాత్రం అడిగేవారు. ఆ ఎందుకుకి జవాబు వెతుక్కుంటూనే నేను ఏమనుకుంటున్నానో నాకు తెలిసేది. చివరి రోజుల్లో మా ఇంట్లోనే ఉన్నారు. వినికిడి పోయింది. చెవి దగ్గర నోరు పెట్టి చెప్పేదాన్ని. వినపడలేదని తెలుస్తూనే ఉండేది, అయినా తల ఊపేవారు.

ఇప్పుడు ఏ బళ్లోనూ పిల్లల చేత పిల్లల్ని కొట్టించరు. తాటాకు పాకలు లేవు, ఒక గది మాట ఇంకో గదికి వినపడదు. మంచిదే. మొన్న మా అపార్టుమెంటు వాళ్లంతా కిందన సమావేశమై, పనివాళ్లు లిఫ్టు ఎక్కకూడదని తీర్మానం చేశారు. ఎవరికైనా అభ్యంతరమా అని అడిగారు. మా పనిమనిషికి మోకాళ్ల నొప్పులు, మాది ఐదో అంతస్తు. నా దగ్గర జవాబు ఉంది, అందరూ ఊరుకున్నారు, నేనూ ఊరుకున్నాను. పైకి వచ్చి, చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, అది చెప్పడానికని నాన్నగారి గదిలోకి వెళ్లాను. మంచం తీసేసిన చోట నేల మిగతా నేలకన్నా తెల్లగా ఉంది. ఎందుకు అని అడిగేవారు ఎవరూ లేరు. అడగకపోతే నాకు ఏదీ చెప్పడం చేతకాదని ఈ వయసులో తెలిసింది.