ఆవిరి మందని చెప్పాను

మూడేళ్ల పాటు ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా ఉండటం కొన్నాళ్లకు అలవాటైపోతుందనుకున్నాను. కాలేదు. మా ఆవిడ అద్దం ముందు నిలబడి తల దువ్వుకునే ప్రతి ఉదయం అది వచ్చి గుండెల మీద కూర్చుంటుంది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పడం కొంత సులువు. మంచివాణ్ని అనిపించుకోవడానికి మాత్రం రాయడం లేదు. చివరిదాకా చదివితే మీరే ఆ మాట అనలేరు.

తిరుపతిలో ఒక లాడ్జి కౌంటర్‌లో కూర్చునే ఉద్యోగం నాది. కొండకు పోయేవాళ్లు సిగరెట్లు, లైటర్లు, గుట్కా పొట్లాలు మా దగ్గర పెట్టి పోతారు. అలిపిరిలో సోదా చేసి తీసేసుకుంటారని వాళ్లకు తెలుసు. వాటికోసం కౌంటర్ కింద ఒక అట్టపెట్టె ఉంటుంది. దర్శనం చేసుకుని దిగి, నుదుటిన నామం ఆరకముందే వచ్చి అడిగి తీసుకుంటారు. ఆ ఆత్రం చూసి నాలో నేను నవ్వుకునేవాణ్ని. ఒకసారి బెంగళూరు నుంచి వచ్చిన నలుగురు కుర్రాళ్లు ఒక వేప్, అంటే పొగ బదులు ఆవిరి పీల్చే ఎలక్ట్రానిక్ సిగరెట్టు, పెట్టి వెళ్లారు. లావుపాటి పెన్నులా ఉంది. మళ్లీ లాడ్జికి రాకుండానే ఊరికి పోయారు. ఫోన్ చేస్తే మీరే ఉంచుకోండి అని నవ్వారు. అమ్మకూడని వస్తువని తెలుసు. ఉంచుకున్నాను.

ఎందుకు ఉంచుకున్నాను? సరదాకే. మామిడిపండు వాసన వచ్చేది. వారం తిరగకముందే అది లేకపోతే చేతులు ఏం చేయాలో తెలియని స్థితికి వచ్చాను. అయిపోతే ఎక్కడ దొరుకుతుందో కూడా తెలుసుకున్నాను. ఇది సిగరెట్టు కాదు కదా అని రోజూ నాకు నేను చెప్పుకునేవాణ్ని. ఆ మాట నాకు నేను ఎందుకు చెప్పుకోవలసి వచ్చిందో మీకు చెప్పాలి.

మా మామగారు బీడీలు కాల్చి కాల్చి ఊపిరితిత్తులు పాడై చనిపోయారు. చివరి రోజుల్లో ఆయన దగ్గర కళ్లె గిన్నె పట్టుకుని కూర్చున్నది మా ఆవిడే. పెళ్లిచూపుల్లో ఆమె నన్ను అడిగింది ఒకటే, సిగరెట్టు తాగుతావా అని. తాగనన్నాను. అప్పటికది నిజం. ఆ ఒక్క జవాబు మీదే ఆమె నన్ను చేసుకుంది. అందుకే నా చొక్కా ఉతకబోతూ జేబులో వేప్ దొరికినప్పుడు, "ఏంది మామా ఇది?" అని ఆమె అడిగితే, నా నోరు నాకంటే ముందు కదిలింది.

"సైనస్‌కి. ఆవిరి పట్టుకునే మందు."

ఆమె దాన్ని కొంగుతో తుడిచి, దేవుడి పటాల పక్కన మందులు పెట్టుకునే అరలో పెట్టింది. ఆ రోజు నుంచి నేను డ్యూటీకి బయల్దేరుతుంటే, మందు మరిచిపోయావని గుర్తు చేసి మరీ నా చేతికిచ్చేది. సైనస్ తగ్గాలని నా ముక్కు మీద విక్స్ కూడా రాసేది. ఆమె చేతి మీదుగా దాన్ని అందుకుని లాడ్జి డాబా మీదకు పోయి పీల్చేవాణ్ని. ఇప్పుడు ఆ చెయ్యే ఎక్కువ గుర్తొస్తుంది.

ఆ తర్వాత కొన్ని వారాలకు దురద మొదలైంది. ముందు మణికట్ల దగ్గర. తర్వాత మెడ, కనురెప్పలు. ఎర్రగా దద్దుర్లు లేచి, గోకితే నీరు కారేది. ఊళ్లో తోట పని చేసొచ్చాను కాబట్టి మామిడి సొన తగిలిందని మా అమ్మ తేల్చేసింది. మా ఆవిడ వంకాయ మానిపించింది, ఎండుచేప ఇంట్లోకి రానివ్వలేదు, సబ్బు మార్చింది, నా బట్టలు నీళ్లలో మళ్లీ మళ్లీ జాడించింది. వేపాకు కాచి స్నానం చేయించింది. దేనికీ తగ్గలేదు. దురద ఎక్కువైన రోజుల్లో చిరాకుపడి ఆమె మీదే అరిచేవాణ్ని. నువ్వు బట్టలు సరిగా జాడించడం లేదన్నాను ఒకసారి. ఆమె బకెట్ తీసుకుని వెళ్లి ఆ బట్టలే మళ్లీ ఉతికింది.

అప్పటికి నాకు అనుమానం రాలేదా? వచ్చింది. పీల్చిన రోజున ఎక్కువగా, మరిచిపోయిన రోజున తక్కువగా ఉండటం గమనించాను. గమనించి, గమనించనట్టు ఉండటం ఎలాగో కూడా నేర్చుకున్నాను.

చర్మం డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్లాం. కొత్తగా మందులేమైనా వాడుతున్నారా అని ఆయన అడిగారు. లేదన్నాను. పక్కనుంచి మా ఆవిడ, "ఉండాది సార్, సైనస్‌కి ఆవిరి మందు పీలుస్తాడు," అంది. ఏం మందు అని ఆయన నా వైపు తిరిగారు. అది పాతది సార్, ఆపేసి చాలా రోజులైంది, పేరు గుర్తులేదని నీళ్లు నమిలాను. ఆపేయలేదని ఆమెకు తెలుసు. ఆ పొద్దున కూడా ఆమే చేతికిచ్చింది. నా ముఖంలోకి ఒకసారి చూసి తల దించుకుంది. బయటికొచ్చాక, డాక్టరు ముందు నిన్ను చిన్నబుచ్చినట్టయిందా అని అడిగింది. నేను అబద్ధం చెప్పానని కాకుండా, తానే పొరపాటు చేశానని అనుకుంది.

తర్వాత నేనొక్కణ్నే చిత్తూరు పోయి, నన్ను ఎరగని ఇంకో డాక్టరుకు నిజం చెప్పాను. ఖాయంగా ఇదే కారణమని చెప్పలేనన్నారు ఆయన. అందులోని ద్రవమో, వాసన కోసం కలిపేదో, ఆ గొట్టం లోహమో కొందరికి పడకపోవచ్చు, ముందు మానేసి చూడు అన్నారు. తిరుగు బస్సులో నిశ్చయించుకున్నాను, ఇంటికి పోగానే ఆమెకు చెప్పేస్తానని. మాటలు కూడా అల్లుకున్నాను. ఇంట్లో అడుగు పెట్టేసరికి ఆమె తలస్నానం చేసి, జుట్టు విరబోసుకుని, నవ్వుతూ ఎదురొచ్చింది. నడుము దాటిన జుట్టు ఆమెది. నా దురద తగ్గితే చాలని, ఆ జుట్టు స్వామికి ఇస్తానని పొద్దున మొక్కుకుందట. ఈ శనివారమే పోదాం, తగ్గాక ఇచ్చేది మొక్కు ఎట్లవుతుంది, ముందే ఇస్తా అంది.

చెప్పవలసింది అప్పుడు. ఆ క్షణంలో. ఇప్పటికీ ఆ గుమ్మం దగ్గర నిలబడే ఉన్నట్టుంటుంది నాకు. చెబితే మొక్కు ఆగుతుంది, కాపురం కూడా పోతుందేమోనని భయపడ్డాను. ఆమె జుట్టూ నా పరువూ పక్కపక్కన పెట్టి చూసుకుని, నేను నా పరువునే ఎంచుకున్నాను. ఇంతకంటే గౌరవంగా చెప్పే మాట నాకు దొరకడం లేదు.

ఇంకా ఉంది. శనివారం బయల్దేరేటప్పుడు ఆ వేప్‌ను లాడ్జిలో అట్టపెట్టెలో పెట్టి పోయి ఉండొచ్చు. ఊళ్లోవాళ్లందరి సిగరెట్లూ పెట్టించుకునేవాణ్ని, నాది మాత్రం పెట్టలేకపోయాను. అలిపిరిలో మగవాళ్ల జేబులు తడిమి చూస్తారు. అందుకని ఆమె సంచిలో, దువ్వెనకూ కొబ్బరినూనె సీసాకూ మధ్య దూర్చాను. ఆమెకు చెప్పలేదు. సోదా దగ్గర ఆడవాళ్ల వరుసలో కాపలా ఆమె మా ఆవిడ సంచి తెరిచి దాన్ని బయటికి తీసింది. నేను ఇవతలి వరుసలో ఉన్నాను. అంతా వినిపించింది.

"ఏందమ్మా ఇది?"

మా ఆవిడ ఒక్క క్షణం చూసింది. తర్వాత నవ్వింది.

"మా ఆయన మందమ్మా. సైనస్‌కి ఆవిరి పట్టుకునేది. నేను మరిసిపోతానని ఆయనే పెట్టినట్టుండాడు."

కాపలా ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పింది. మా ఆవిడ ముఖంలోకి చూసింది. సంచిలో వేసి పంపేసింది. నా వీపు మీద చెమట కారుతోంది, దద్దుర్లు మండుతున్నాయి, గోక్కోవడానికి కూడా చెయ్యి లేవలేదు.

కల్యాణకట్టలో ఆమె లోపలికి వెళ్తూ సంచి నా చేతికిచ్చింది. నేనేం చేశానో రాస్తున్నాను. మరుగుదొడ్డిలోకి వెళ్లి, గడియ పెట్టుకుని, అది బయటికి తీసి పీల్చాను. అవతల గదిలో నా కోసం ఆమె తల మీద కత్తి నడుస్తున్నప్పుడు. ఎందుకు? భయం వేసి. దేనికి భయం? నాకు తెలియదు. నా మీద నాకే అయి ఉంటుంది. బయటికొచ్చేసరికి ఆమె తలకు గంధం పూసుకుని నిలబడి ఉంది. చెవులు పెద్దవిగా, మెడ సన్నగా, చిన్నపిల్లలా కనిపించింది. నా మణికట్టు పట్టుకుని దద్దుర్ల మీద వేళ్లతో నిమిరి, "ఇంగ తగ్గిపోతాది సూడు," అంది.

తగ్గింది. కొండ దిగిన రోజే దాన్ని లాడ్జి వెనక మురుగుకాల్వలో పారేశాను. సైనస్ తగ్గిపోయిందని ఆమెతో చెప్పాను. సిగ్గుతో మానేశాను, చర్మం కోసం కాదు. నెల తిరిగేసరికి మచ్చలు కూడా మాయమయ్యాయి. మా వీధిలో ఆడవాళ్లు వచ్చి అడిగితే ఆమె నన్ను పిలిచి, నా చొక్కా చెయ్యి పైకి లాగి చూపించేది. గుండు మీద కొంగు కూడా కప్పుకునేది కాదు. అంత సంతోషం ఆమెకు. దేవుడు తన మాట విన్నాడని. నేను చెయ్యి చాపి నిలబడేవాణ్ని. నిజం చెబితే ఆమె జుట్టే కాదు, ఆ సంతోషం కూడా పోతుందని, ఇది ఆమె కోసమే దాస్తున్నానని అనుకునేవాణ్ని. నాకెంత అనుకూలమైన జాలి అది.

మూడేళ్లలో ఆమె జుట్టు మళ్లీ వీపు సగం దాకా పెరిగింది. ఈ వేసవిలో అట్టపెట్టెలోకి ఇంకో వేప్ వచ్చింది. పెట్టినవాళ్లు మళ్లీ రాలేదు. ఈసారిది పుదీనా వాసన. ఇంటికి తీసుకుపోకుండా లాడ్జిలోనే దాచుకున్నాను, ఏదో తెలివి చేసినట్టు. దద్దుర్లు కూడా తిరిగొచ్చాయి, ముందు కనురెప్పల మీద. మొన్న అన్నం పెడుతూ ఆమె నా కళ్లు చూసి గరిటె కింద పెట్టింది. తర్వాత అంది.

"మామా, తప్పు నాదే."

"ఏం తప్పు?"

"ఆ పొద్దు జుట్టు తడిపి ముడేసేటప్పుడు నాకు ఏడుపొచ్చినాది. ఇయ్యకుండా ఎల్లిపోదామా అనిపించినాది, ఒక్క రవ్వ సేపు. మనసారా ఇయ్యలా నేను. ఆ స్వామికి తెలీదా? అందుకే మళ్ళా వచ్చినాది."

"అట్లా ఏం లేదు."

"నీకేం తెలుసు. ఈ శనివారం పోయి మళ్ళా ఇచ్చొస్తా. ఈ తూరి ఏడవను."

మూడేళ్లుగా నేను నా అబద్ధాన్ని దాచుకుంటే, ఆమె తన కన్నీళ్లను దాచుకుంది. నా పాపానికి కారణం తనలో వెతుక్కుంది.

ఈ పొద్దున చెప్పాను. లాడ్జి నుంచి తెచ్చిన దాన్ని అద్దం దగ్గర, ఆమె దువ్వెన పక్కన పెట్టాను. సైనస్ మందు గదా, ఆ జబ్బు మళ్లా వచ్చిందా అని అడిగింది. కాదన్నాను. ఏమిటో చెప్పాను. చొక్కా జేబు, చర్మం డాక్టరు, చిత్తూరు, మరుగుదొడ్డి, అన్నీ చెప్పాను. మధ్యలో ఆపలేదు. జడ అల్లుకుంటున్న వేళ్లు మాత్రం ఒకచోట ఆగాయి.

"అలిపిరి కాడ నా సంచిలో ఉండింది ఇదేనా?"

"ఆ మాదిరిదే."

ఆమె అద్దంలోకి చూస్తూ అంది. "ఆయమ్మ నా మొగం సూసి పంపించింది."

అంతే. తిట్టలేదు. ఏడవలేదు. వాళ్ల నాయన మాట ఎత్తలేదు. ఎత్తుతుందని నేను ఎదురుచూశాను, అది ఎత్తి ఉంటే బాగుండేది. జడ అల్లడం పూర్తి చేసి, చివర రబ్బరు వేసుకుని, దాన్ని రెండు వేళ్లతో తీసుకెళ్లి గడప బయట నా చెప్పుల పక్కన పెట్టింది. లోపలికొచ్చి చెయ్యి సబ్బుతో కడుక్కుంది. శనివారం కొండకు పోయేదీ లేనిదీ చెప్పలేదు. నేను అడగలేదు. మానేస్తానని మాటివ్వలేదు కూడా, నా మాట ఈ ఇంట్లో ఇప్పుడు చెల్లదు. క్షమించమని అడగడానికి మొహం చెల్లలేదు.

ఆమె వంటింట్లో ఉంది. గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. అది మామూలు చప్పుడో కాదో తెలియడం లేదు. ఇది రాస్తున్నంతసేపూ మణికట్టు గోక్కుంటూనే ఉన్నాను. దురద తగ్గలేదు. కానీ అది ఎందుకో ఇప్పుడు ఈ ఇంట్లో ఇద్దరికీ తెలుసు.