ఎర్ర టేపు చుట్టిన తుపాకి

"మీ అత్త పోయిందిరా," అని మామ ఫోన్ చేశాడు. ఇంకేం చెప్పాలో తోచక, "ఇక్కడ కరెంటు కూడా లేదు," అన్నాడు. నేను నరసరావుపేటలో బస్సెక్కి మాచర్ల చేరేసరికి ఆమెకు స్నానం చేయించి తెల్లబట్ట చుట్టేశారు. మధ్యాహ్నం నమాజు అయ్యాక తీసుకెళ్ళి మట్టి ఇచ్చాం. అందరూ వెళ్ళిపోయాక మామ లోపలికి వెళ్ళి, పాత తువ్వాలులో చుట్టిన మూట ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "తమ్ముడికిమ్మంది," అన్నాడు. ఆ మూటలో ఏముందో విప్పకుండానే నాకు తెలుసు.

ఆమె నాకు రక్తసంబంధం కాదు. ఎనభైల చివర్లో నేను మాచర్లలో వీడియో కొట్టు నడిపాను. పక్కది మామ రేడియో, టీవీ రిపేరు కొట్టు. రెండు కొట్ల వెనకా వాళ్ళ ఇల్లు. వాళ్ళు సాయిబులు, మేం కాదు. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునేవాళ్ళు, నాతో తెలుగు. మొదటి రోజే ఆమె గుమ్మంలోంచి తొంగిచూసి, "ఏంది అల్లుడూ, టీ తాగావా?" అంది. ఆ రోజు నుంచి అత్తే.

సినిమా క్యాసెట్లు అద్దెకివ్వడంతో పాటు, మద్రాసు నుంచి వీడియో గేముల పెట్టెలు రెండు తెచ్చి టీవీలకు తగిలించాను. పిల్లలు ఎగబడ్డారు. పిల్లలేమిటి, మీసాలొచ్చినవాళ్ళూ ఎగబడ్డారు. ఎద్దు ముక్కుతాడు గుంజినట్టు, చేత్తో పట్టుకుని ఆడే స్టిక్కుల్ని గుంజేవాళ్ళు. వారం తిరక్కుండా అవి విరిగి మామ బల్ల మీదికి చేరేవి. మామ బాగుచేసేవాడు కానీ, బాగయిందో లేదో చూడాలంటే ఆడాలి కదా. ఆయనకు ఆట రాదు. నోట్లో నాలుక లేని మనిషి, ఆటలో కూడా ఓ మూల నిలబడి చచ్చిపోయేవాడు. చూసి చూసి విసుగొచ్చి ఒకనాడు అత్త చెయ్యి తుడుచుకుని, "ఇటియ్యండి," అని స్టిక్కు లాక్కుంది.

అలా మొదలైంది. ఈ రోజుల్లో ఏ కొత్త ఆట వచ్చినా, అది ఎలా ఉందో చెప్పేవాళ్ళు ఫోన్లో వందలమంది ఉన్నారు. నా మనవడు ఆట కొనే ముందు గంటసేపు వాళ్ళ వాగుడు వింటాడు. మాచర్ల మొత్తానికి అప్పట్లో మాకున్నది మా అత్త ఒక్కతే. ఆమె వాగేది కాదు. మూడే తీర్పులు: "ఇవ్వు", "చూసి ఇవ్వు", "ఇయ్యమాకు". మూడోది చెప్పిందంటే, మామ పెట్టెలోంచి ఎర్ర టేపు తీసి, ఆ వస్తువుకి రెండు చుట్లు చుట్టి నా చేతికిచ్చేది. దాన్ని కొట్లో ఉన్న ఇనప ట్రంకులో పడెయ్యాలి. అది మా ఒప్పందం.

కొత్త స్టిక్కు తెస్తే ముందు చెవి దగ్గర పెట్టుకుని ఆడించేది, కుండ కొనేవాళ్ళు మోగించి చూసినట్టు. "లోపల స్ప్రింగు ఏడుస్తంది," అనేది. బిరుసుగా ఉన్న బటన్ చూసి, "పిలకాయల వేళ్ళు బొబ్బలెక్కుతయి, ఇదేం తయారీ వాడి మొహం," అని తిట్టేది. ఆటలకైతే ఆమె లెక్కే వేరు. బంతితో గోడ పగలగొట్టే ఆట బాగా నచ్చింది. "దీంట్లో ఎవడూ చావడు. ఇవ్వు." కార్ల ఆటని అరగంట ఆడి, "వీడు ఎక్కడికి పోతన్నాడో ఆఖరికి కూడా చెప్పలా. చూసి ఇవ్వు," అంది. గోడ చాటు నుంచి ట్యాంకులతో కొట్టుకునే ఆటకి ఎర్ర టేపు పడింది. నేను బతిమాలాను, ఊళ్ళో కుర్రాళ్ళందరూ అదే అడుగుతున్నారని.

"అందుకేరా వద్దంట. దీంట్లో చచ్చినోడు మూడుసార్లు లేస్తన్నాడు. మనూళ్ళో ఎవడన్నా లేచాడా?"

ఆ మాట అర్థం కావాలంటే అప్పటి మా ఊరు తెలియాలి. రెండు వర్గాలు. ఒకళ్ళ జీపు పోయిన దారిన రెండోవాళ్ళ జీపు పోదు. ఇంజను చప్పుడు విని ఎవరిదో చెప్పగలిగేవాళ్ళం. చప్పుడు రెండోసారి వినపడితే దుకాణాలు షట్టరు సగానికి దించేవి. అత్త ఆట మధ్యలో ఉన్నా సరే, జీపు వినపడితే బొటనవేలు గాల్లో ఆగిపోయేది. అది దూరంగా వెళ్ళేదాకా తెర మీద ఆమె మనిషి కదిలేవాడు కాదు, అక్కడే నిలబడి దెబ్బ తినేవాడు. ఎందుకంటే ఆ జీపుల్లో ఒకటి నడిపేది ఆమె తమ్ముడు. తల్లి పోయాక ఆమే పెంచింది. కొడుకన్నా ఎక్కువ.

ఆ ఏడు ఎండాకాలం ముందు నేను మద్రాసు నుంచి తుపాకి తెచ్చాను. టీవీ మీద ఎగిరే పిట్టల్ని కొట్టే ప్లాస్టిక్ తుపాకి, వెనక నుంచి పెట్టెకు తగిలించే వైరు. నల్లగా నిగనిగలాడుతూ అచ్చం నిజం దానిలా ఉంది. బస్సులో వస్తున్నంతసేపూ దాన్ని బట్టల అడుగున దాచి తెచ్చాను, పోలీసులు చూస్తే ఏం చెప్పాలో తెలియక. అత్త దాన్ని పట్టుకుని రెండు పిట్టల్ని కొట్టింది. తర్వాత ఏం తోచిందో, తుపాకిని టీవీ మీద నుంచి పక్కకి తిప్పి, గోడకున్న బల్బు వైపు పెట్టి నొక్కింది. టీవీలో పిట్ట పడిపోయింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ పడింది.

నేను నవ్వాను. అత్త నవ్వలేదు.

"దీనికి పిట్ట కనపడదురా. వెలుగు కనపడుద్ది, అంతే. యాడ వెలుగుంటే ఆడ తగిలిందంటది." తుపాకిని ఒళ్ళో పెట్టుకుని కాసేపు చూసింది. "చానా బాగా చేశాడు, చేసినోడు. అందుకే ఇయ్యమాకు."

పిడికి ఎర్ర టేపు చుట్టింది. నేను సణుక్కుంటూ ట్రంకులో పెట్టాను.

దాన్ని ఆమె తమ్ముడు తీశాడు. అడిగితే ఇవ్వనని అడక్కుండానే తీశాడు. వైరు కోసేశాడు. చొక్కా కింద నడుముకి దోపుకుని బస్టాండు దగ్గర జీపుకానుకుని నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళ కుర్రాడు, నలుగురూ చూడాలని సరదా. చూడవలసినవాళ్ళే చూశారు. రెండో రోజుకల్లా ఊరంతా ఒకటే గుసగుస: ఆ కుర్రాడి జీపువాళ్ళు తుపాకి కొన్నారంట. టీ కొట్టులో నన్ను చూసి మాటలు ఆపేశారు. మా కొట్టుకి ఆడుకోవడానికి వచ్చే పిల్లలు రావడం మానేశారు. ట్రంకు తీసి చూస్తే తుపాకి లేదు.

ఆ మధ్యాహ్నం కరెంటు లేదు. ఫ్యాను ఆగి, గదంతా కుతకుతలాడుతోంది. అవతలి వర్గం పెద్దాయన తలకి తువ్వాలు చుట్టుకుని మా కొట్లోకి వచ్చాడు. వెనక నలుగురు. ఒకడు షట్టరు సగానికి దించాడు. మామ చప్పుడు విని పక్క కొట్లోంచి వచ్చి, స్క్రూడ్రైవరు చేతిలో అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమయ్యా సాయిబూ, నీ బావమరిది తుపాకి కొన్నాడంట గదా," అన్నాడు పెద్దాయన. గొంతు పెంచలేదు.

"అది పిల్లలు ఆడుకునేది," అన్నాను నేను.

"ఆడుకునేది చూపిచ్చి అసలుది దాస్తే మాకు తెలవదా? ఒక కత్తి చూపిచ్చి ఇంకో కత్తి కట్టినోళ్ళని చానామందిని చూశాం."

మా పల్నాడులో కోడిపందెం కట్టేముందు కాలికి కట్టే కత్తి అవతలివాళ్ళకి చూపించాలి. చూపించింది ఒకటి, కట్టింది ఒకటి అయితే, ఆ పందెం కోళ్ళతో ఆగదు. పెద్దాయన ఆ మాట అన్నాడంటే ఏం చెయ్యదలచుకుని వచ్చాడో గదిలో అందరికీ తెలిసింది. ఇంటికీ కొట్టుకీ మధ్య ఉన్న కర్టెన్ వెనకే ఆ కుర్రాడు ఉన్నాడని నాకూ మామకీ తెలుసు. ఆ కర్టెన్ గాలి లేకపోయినా కదులుతోంది.

కర్టెన్ తొలగించుకుని అత్త వచ్చింది. అదే మొదటిసారి ఆమె నా కొట్లోకి రావడం. కొంగు తల మీదికి లాక్కుని ఉంది. చేతిలో తువ్వాలు మూట.

ఇంకెవరైనా అయితే ముందు మూట విప్పి చూపించేవాళ్ళు. ఆమె విప్పలేదు.

"పెదనాయనా, చూసినోడు ఎవరు?"

వెనక నలుగురిలో ఒకడు కదిలాడు.

"నువ్వు చూసింది ఎట్టుందో చెప్పు. నేనింకా చూపిచ్చలా. నువ్వే ముందు చెప్పు."

వాడు పెద్దాయన వైపు చూశాడు. ఆయన తలూపాడు. "నల్లగా ఉంది. పిడికి ఎర్రగా ఏందో చుట్టుంది. నెత్తుటి గుడ్డేమో అనుకున్నా."

అత్త నా వైపు తిరిగి, "ట్రంకు తియ్యరా," అంది. తీశాను. ఆమె వంగి రెండు చేతులతో అందులోవన్నీ నేల మీద పోసింది. విరిగిన స్టిక్కులు, బిరుసు బటన్లవి, ట్యాంకుల క్యాసెట్టు. ప్రతిదానికీ ఎర్ర టేపు రెండు చుట్లు. అప్పుడు తువ్వాలు విప్పి తుపాకిని వాటి మధ్యలో పెట్టింది. అదే టేపు, అవే రెండు చుట్లు, కింద కోసేసిన వైరు ముక్క.

"పిల్లలకి ఇయ్యకూడదన్న వాటికి నేను వేసే టేపు ఇది. మా వోడు బస్టాండు కాడ పెట్టుకున్నది ఇదే. నీ మడిసి చెప్పిన ఆనవాలు ఇదే. ఇంకో కత్తి లేదు, పెదనాయనా."

సరిగ్గా అప్పుడు కరెంటు వచ్చింది. నేను ఆపడం మర్చిపోయిన టీవీ ఒక్కసారిగా మోగింది. ఆ నలుగురి చేతులూ నడుముల మీదికి పోయాయి. అత్త మాత్రం వెళ్ళి టీవీ ఆపి, మళ్ళీ వచ్చి అదే చోట నిలబడింది.

పెద్దాయన తుపాకిని చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. "బొమ్మే," అన్నాడు. తర్వాత, "దీన్నెందుకు ఇయ్యొద్దన్నావమ్మా?" అని అడిగాడు.

"దానికి గురి తెలవదు. వెలుగున్న చోటల్లా తగులుద్ది."

ఆయన తుపాకిని ఆమెకే తిరిగిచ్చి, కర్టెన్ వైపు చూస్తూ, "బొమ్మైనా, నడుముకి పెట్టుకున్నాడంటే ఆలోచన వచ్చినట్టేనమ్మా. ఈ పొద్దుకి పోతన్నాం," అన్నాడు. షట్టరు పైకెత్తుకుని వెళ్ళిపోయారు.

ఈ పొద్దుకి. ఆ మాటని అందరికన్నా ముందు అందుకున్నది అత్త. సాయంత్రం బస్సుకి తమ్ముణ్ణి ఎక్కించి తనే సాగర్ డ్యాం దగ్గర, కృష్ణకి ఈ ఒడ్డునున్న విజయపురి సౌత్ దాకా వెళ్ళింది. వాడు ఏడ్చాడట, జీపు ఓనరుకి ఏం చెప్పాలని. "కృష్ణ దాటు. నేను రమ్మన్నదాకా ఈ పక్కకి రామాకు," అందట. వాడి జాగాలో ఆ జీపు నడపడానికి వేరే కుర్రాడొచ్చాడు. ఏడాది తిరక్కుండా ఆ కుర్రాణ్ణి జీపులోనే నరికారు. ఆ కబురు విన్న రోజు అత్త పొయ్యి వెలిగించలేదు. ఎవరి బిడ్డో తమ్ముడి బదులు పోయాడని ఆమెకు అనిపించిందేమో, నాకైతే అలాగే అనిపించింది.

ఆ తర్వాత ఆమె నా ఆటలు చూడలేదు. బటన్ మీద పెట్టిన వేలు నొక్కలేకపోతోందని చెప్పింది. కొద్ది కాలానికి నేనూ కొట్టు తీసేసి నరసరావుపేట వచ్చేశాను. మాచర్ల వెళ్ళినప్పుడల్లా టీ పెట్టేది. వీలైనప్పుడల్లా బిర్యానీ డబ్బా కట్టుకుని సాగర్ బస్సెక్కి, కృష్ణ మీది వంతెన అవతల తమ్ముణ్ణి చూసి వచ్చేది. వాడు అక్కడే మెకానిక్ అయ్యాడు, పెళ్ళయింది, మనవలొచ్చారు. ఆ పెద్దాయన పోయాడు, జీపు ఓనరూ పోయాడు. "ఇప్పుడైనా రమ్మనొచ్చు కదత్తా?" అని ఒకసారి అడిగాను. "రమ్మనే మాట నోటిదాకా వచ్చుద్దిరా. మళ్ళీ వాణ్ణి పంపటానికి నాకు ఓపికుండొద్దూ?" అంది.

మొన్న మట్టి ఇవ్వబోయే ముందు వాడికి ఫోన్ చేసింది నేనే. విని, "అక్క ఏమన్నా చెప్పిందా, రమ్మని?" అని అడిగాడు. ఏం చెప్పను? రమ్మనగలిగిన మనిషి ఒక్కతే, ఆమే లేదు. వాడు రాలేదు.

నిన్న మూట తీసుకుని నేనే వెళ్ళాను. వంతెన అవతలి కొసన నిలబడి ఉన్నాడు. జుట్టంతా నెరిసింది. మూట విప్పాడు. వైరు ముక్క వేలాడుతోంది, టేపు రంగు వెలిసినా రెండు చుట్లూ అలాగే ఉన్నాయి. "నాకిమ్మందా?" అన్నాడు.

"ఇమ్మంది," అన్నాను. ఇయ్యమాకు అన్న వస్తువుని ఆమె ఇవ్వమనడం నేనెరిగి అదొక్కసారే.

వాడు టేపుని బొటనవేలితో తడుముతున్నాడు. అప్పుడే మాచర్ల నుంచి వచ్చే బస్సు వంతెన మీదికెక్కింది. వాడు చప్పున తువ్వాలు కప్పి, మూటని పొట్టకి హత్తుకుని, మొహం ఏటి వైపు తిప్పుకున్నాడు. బస్సు మమ్మల్ని దాటి, మలుపు తిరిగి, చప్పుడు కూడా వినపడకుండా పోయేదాకా అలాగే నిలబడ్డాడు.