టైరు ఇటుకల ఇంటి గడప ఇవతల

మా మేనమామ మొన్న వేసవిలో బూర్గంపాడులో కాలం చేశారు. ఆయన ఇంట్లో ఏనాడూ అడుగుపెట్టని బంధువర్గం తరఫున ఈ సంతాపం ప్రకటించే బాధ్యత, చదువుకున్నవాడినన్న కారణంగా, నాకు దఖలుపడింది.

ఆయన కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. తర్వాత పాత లారీ టైర్లను పొడి చేయించి, థర్మల్ కేంద్రం బూడిదలో కొద్దిపాటి సిమెంటుతో కలిపి ఇటుకలు పోయించారు. వాటికి బట్టీ అక్కరలేదు. “అడివిని పొయ్యిల పెట్టకుండ ఇల్లు కట్టొచ్చు” అనేవారు. వచ్చినవారందరి ముందూ ఒక ఇటుకను నేలకేసి కొట్టి, పగలలేదని మురిసిపోయేవారు. పగిలిన రోజున, “ఇది ఇంక ఆరలే” అనేవారు.

ఆ ఇటుకలతోనే సొంత ఇల్లు కట్టుకున్నారు. మా వైపు పాత టైర్లతో చెప్పులు కుడతారు. కనుక టైరు చెప్పుల జాతికి చెందుతుందనీ, చెప్పులు గడప దాటరాదనీ మా వంశం ఏకగ్రీవంగా తీర్మానించింది. గృహప్రవేశం నాడు పాలు సైతం వాకిట్లోనే పొంగించాం. ఎవరు రాకున్నా, తనను పెంచిన అక్క, అంటే మా అమ్మ, లోపలికి వస్తే చాలునని మామయ్య బతిమాలారు.

“ఊరి పేడల్ల తిరిగొచ్చిన టైర్లు గదరా తమ్మీ!” అంది అమ్మ.

“అవ్. బావ గూడ పేడల్ల తిరిగొస్తడు. కాళ్లు కడిగి ఇంట్లకు రానిస్తలేవా? టైర్లను గూడ కడిగిన.”

అందరూ నవ్వారు. అమ్మ కదలలేదు. ఆ తర్వాత ప్రతి పండుగకూ ఆమె వాకిట్లోనే టీ తాగింది. మామయ్య గడప అవతల కుర్చీ వేసుకుని తన గ్లాసు పట్టుకునేవారు.

పోయిన నాడు ఆచారం ప్రకారం శవాన్ని వాకిట్లో పడుకోబెట్టారు. లోపలికి వెళ్లవలసిన ఇబ్బంది మాకు తప్పింది. అయితే దహనం ముగించి స్నానం చేసి వచ్చినవారు, ప్రాణం పోయిన చోట వెలిగించిన దీపం చూడాలన్నది కూడా ఆచారమే. ఈ చిక్కును మేమెవరమూ ముందుగా ఆలోచించలేదు.

“దీపం బయట పెట్టియ్యండి, చూసి పోతం,” అన్నాడు మా పెదనాన్న.

“ప్రాణం పోయింది ఈడ,” లోపలినుంచి అమ్మ గొంతు వినిపించింది. “దీపం ఈడనే ఉంటది. చూసేటోళ్లు లోపలికి రాండి.”

తడిబట్టలతో ఎర్రటి ఎండలో, గడప ఇవతలే నిలబడి, మెడలు చాచి ఆ దీపాన్ని చూశాం. దాని పక్కన నేలమీద కూర్చున్న అమ్మ మావైపు తిరగలేదు. అరచేత్తో గోడను నెమ్మదిగా నిమురుతోంది.