మా బాపు తవ్వి తీసిన పాలోళ్ళు

సచ్చిపోయినోళ్ళ గురించి మంచిగనే మాట్లాడాలంటరు. నేను మాట్లాడ. మా బాపు వేముల పరుశురాం ఎసొంటోడో సూరత్ డిండోలిల ఏ తెలుగోన్ని అడిగినా చెప్తడు. పద్దెనిమిదేండ్లకు ఊరిడిచి సూరత్ వచ్చి, ఉధనాల బట్ట నేసే సాంచాల మీదనే ముసలోడైండు. ఆ సాంచాల చప్పుడుకు చెవులు సగం పోయినయి. తనకు ఇనవడదు గాబట్టి లోకానికి సుత ఇనవడదనుకునేటోడు. చాయల చక్కెర తక్కువైందని ఒర్రితే పక్క గల్లీల పిల్లలు లేచేటోళ్ళు.

పాలు పోసేటోనితోని లొల్లి, కిరాయి మకాన్‌మాలిక్‌తోని లొల్లి, టీవీల వార్తలు చదివేటోనితోని సుత లొల్లే. మా అవ్వ నేను ఆరో తరగతిల ఉన్నప్పుడు పోయింది. మళ్ళ పెండ్లి చేసుకొమ్మంటే, "ఒక్క బిడ్డను సాదరానా నాకు?" అని చెప్పినోళ్ళ మీదికి లేచిండు. సాదిండు, కాదన. వండిపెట్టిండు, జడలేసిండు, ఫీజు కట్టిండు. అన్నీ తిట్టుకుంటనే చేసిండు. నాకు జ్వరమొస్తే నన్ను తిట్టిండు, జ్వరాన్ని తిట్టిండు, డాక్టర్‌ను తిట్టిండు, పొద్దందాక కాళ్ళకాడ కూసున్నడు.

గీ బాపుకు ఒక పగోడుండె. బొమ్మెన కనకయ్య. మాకు రెండు గల్లీల అవతల ఉంటడు. సాంచాలు చెడిపోతే బాగుచేసే మాస్టర్ గాబట్టి జర కాలరెగరేసుకోని తిరుగుతడు. ఎప్పుడో మార్కండేయ జయంతినాడు మా పద్మశాలి సమాజం బంతిల తింటుంటే, కనకయ్య నలుగురిల నవ్వుకుంట అన్నడట, "పరుశురాం తాత బొంబాయిల పుట్టిండు, ఎవలకు పుట్టిండో వాళ్ళకే తెల్వదు" అని. మా బాపుకు సగం చెవుల్ల గా మాటొక్కటే మంచిగ ఇనవడ్డది. పప్పు గంటె తీస్కొని కనకయ్య నెత్తి పలగ్గొట్టిండు. అప్పటిసంది రెండిండ్లకు మాటల్లేవ్. కనకయ్య ఒక దుకాన్ల సామాను కొంటే బాపు గా దుకానే మానేసేటోడు.

ఇగ నా సంగతి. రింగ్ రోడ్డు మీద చీరల మార్కెట్‌ల ఒక దుకాన్ల బిల్లులు కొడత. మాకు బట్ట తెచ్చే టెంపో నడిపేది కనకయ్య కొడుకు పరమేశ్. ఎన్ని గల్లీలున్న ఊర్ల, ఎన్ని లక్షల మందిల, నాకు గా ఒక్కడే దొరికిండా అంటే, అవ్, వాడే దొరికిండు. ఏం జేస్తం? పరమేశ్ మెత్తటోడు. ఎవలేమన్నా "సరే" అంటడు. గా "సరే" మీదనే ఇష్టమయింది నాకు. మా ఇంట్ల గా మాట నేనెన్నడూ ఇనలే.

లాక్‌డౌన్ల సాంచాలన్ని బందై, మావోళ్ళు సగం మంది ఊర్ల తొవ్వ పట్టిండ్రు. బాపు పోలే. "ఊరొచ్చి నాకేమన్న బువ్వ పెడ్తదా?" అన్నడు. సమాజం తరపున బియ్యం సంచులు ఇంటింటికి పంచింది పరమేశే. వాడు మోసుకొచ్చిన బియ్యమే అని తెల్వక బాపు గా నెలలన్ని తిన్నడు. సాంచాలు మళ్ళ తిరిగినంక, దీపావళికి నేను బాపు ముందట నిలబడి చెప్పిన. "పరమేశ్‌ను చేసుకుంట."

బాపు ఒర్రలే. "కనకయ్య వంశమేందో తీస్త" అన్నడు. "మనకు వంక పెట్టిండు గదా. వాని తాతలెవలు, ఏ ఊరు, ఏ కులమని పుట్టిండ్రు, అన్ని బయటవెడ్త. గప్పుడు చూస్త, ఎట్ల చేసుకుంటవో."

మాట వరసకన్నడనుకున్న. కాదు, నిజంగనే అన్నడు. మా ముత్తాతలు బొంబాయి మిల్లుల పనికి పోయిన కాలంల, ఇంట్ల ఎవలన్న సచ్చిపోతే కాలినంక మిగిలిన బొక్కలు తెచ్చి నాసిక్‌ల గోదారి గంగల కలిపేటోళ్ళట. అక్కడ గా కర్మలు చేయించే పండాలు వచ్చినోళ్ళ ఊరు, కులం, తాతతండ్రుల పేర్లు బహీలని పెద్ద పెద్ద పద్దు పుస్తకాలల్ల రాసి పెట్టుకుంటరు. నూటయాభై ఏండ్ల కింది రాతలు సుత ఉంటయట. కనకయ్య తాతలు సుత గా బొంబాయోళ్ళే. సంక్రాంతి ఎళ్ళినంక బస్సులు మంచిగ తిరుగుతున్నయని బాపు బయలెల్లిండు. పండా మాట బాపుకు ఇనవడదు గాబట్టి నన్ను సుత గుంజుకపోయిండు. నా పెండ్లి చెడగొట్టెతందుకు నన్నే తోడు తీస్కపోయిండు సూడుండ్రి, గదీ మా బాపు.

సాపుతారా ఘాట్ రోడ్డు మీదికెళ్ళి పోయినం. మాస్కులేసుకొని గోదారి ఒడ్డున రామకుండ్ కాడ మా దిక్కోళ్ళ పండాను వెతికి పట్టుకునేవరకు మధ్యాహ్నమైంది. పండా ఎర్ర గుడ్డల చుట్టిన బహీలు దించిండు. పొడుగు పొడుగు కాయితాలు, ముడుచుకపోయిన పాత మరాఠీ మోడీ లిపి రాత. మాకు ఒక్క అక్షరం రాదు. బాపు బొమ్మెన అని ఊరి పేరు చెప్పిండు. కనకయ్య బంతిల కూసున్నప్పుడల్లా మా తాత మల్లేశం, మా ముత్తాత లింగయ్య అని డప్పు కొట్టుకునేటోడు గదా, గా పేర్లు చెప్పిండు.

పండా కాయితాలు తిప్పి తిప్పి ఒక్కకాడ ఏలు పెట్టిండు. మల్లేశం, వాని తండ్రి లింగయ్య, లింగయ్య తండ్రి రాజన్న. కులం సాలోళ్ళు, మా పద్మశాలోళ్ళే. రాజన్న ఇంటిపేరు వేముల. లింగయ్య బొమ్మెనకు పోయి బతికిండు, గందుకే వాని పిల్లలను బొమ్మెనోళ్ళన్నరు. రాజన్న పెద్ద కొడుకు నర్సయ్యకు వేముల పేరే నిలిచింది. నర్సయ్య కొడుకు ఎల్లయ్య.

ఎల్లయ్య మా బాపు తాత.

ఒక్క రాజన్న కడుపున పుట్టినోళ్ళం. అంటే పాలోళ్ళం. మావోళ్ళల్ల పాలోళ్ళంటే ఏడు తరాల దాక ఒక్క ఇల్లే. ఒకరు సస్తే ఇంకొకరు పది దినాలు మైల పట్టాలె. పిల్లలు అన్నచెల్లెండ్లు. గోత్రం తెలిసుంటె ఎన్నడో తేలిపోతుండె, కానీ అడిగితే రెండిండ్లోళ్ళూ మార్కండేయ గోత్రమనే అంటరు. మావోళ్ళు సగం మంది గంతే, అసలుది ఎవలకు యాదికుండది.

"ఏమంటుండు?" అన్నడు బాపు.

"ఏం లేదట. గీ కాయితాలల్ల వాళ్ళ పేర్లు లేవట. లే, పోదాం" అన్న.

అబద్ధమే చెప్పిన. మళ్ళ గా రోజొస్తే మళ్ళ చెప్త. కానీ గా పండా ఉన్నడు చూసిండ్రా, వానికి చెవిటోళ్ళు కొత్తగాదు. నేను లేస్తుంటే బాపు చెవి కాడికి వంగి, మొత్తం మళ్ళ మొదటి నుంచి ఒర్రి చెప్పిండు. వేముల రాజన్న, వేముల నర్సయ్య, వేముల ఎల్లయ్య. రామకుండ్ మెట్ల మీద బట్టలు ఉతికేటోళ్ళు సుత తిరిగి చూసిండ్రు.

బాపు మొఖం మాడిపోయింది. కనకయ్య వంశానికి వంక తియ్యవోతే తన వంశమే ఎల్లింది. తను నెత్తి పలగ్గొట్టింది తన పాలోన్నే. మెట్ల మీద చాన సేపు కూసున్నడు. నాకు లోపట నవ్వు, ఏడుపు రెండు వచ్చినయి. తిరుగు బస్సుల ఘాట్ ఎక్కంగ ఒక్కసారిగ తొడ కొట్టుకున్నడు. "ఇగ లొల్లేముంది? అన్నచెల్లెండ్లకు పెండ్లి చేస్తరా? ఖతం!"

"నువ్వు మనిషివేనా బాపూ?" అన్న. ఇనవడ్డదో లేదో తెల్వదు.

గా ఆదివారమే సమాజంల చెప్పిండు. పెద్దమనిషి సోమలింగం తాత ముక్కు మీది అద్దాలు సవరించుకొని, "రాతల ఉన్నంక ఇంకేముంది, పాలోళ్ళే" అన్నడు. కనకయ్య మొదలు నమ్మలే. తర్వాత నా దిక్కు చూసి ఒప్పుకున్నడు. మా బాపు బిడ్డ తనకు కోడలైతదేమో అని వానికి సుత ఉండె భయం. ఇరవై ఏండ్లు కొట్టుకున్న ఇద్దరు పగోళ్ళు నా పెండ్లి చెడగొట్టెతందుకు ఒక్కటైండ్రు. రేపు మామ అని పిలుద్దామనుకున్న కనకయ్యను గా దినం నుంచి పెద్దబాపూ అనాలట. పరమేశ్‌ను అన్నా అనాలట. థూ.

పరమేశ్ దుకాన్ల బట్ట దింపుతుంటే అడిగిన, "నువ్వేమంటవ్?"

"పెద్దోళ్ళు గట్లంటుండ్రు గదా ప్రమీలా" అని నేల చూసిండు.

"నీ పెద్దోళ్ళకో దండం, నీకో దండం" అని బిల్లు చించి వాని చేతుల పెట్టిన. తర్వాత మాట్లాడలే.

మార్చి ఆఖరుకు కనకయ్య తల్లి వెంకటవ్వ సచ్చిపోయింది. తొంభై దాటినయి, ముసలితనమే. కనకయ్య మా ఇంటికి మనిషిని పంపిండు. "పాలోళ్ళమని సమాజంల ఒర్రినవ్ గదా. రా. మైల పట్టు." బాపు పండ్లు పటపట కొరికిండు. పోకపోతే తన మాట తనే తప్పినట్టు. పోయిండు. పది దినాలు గడ్డం గియ్యలే, తల దువ్వలే, గుడికి పోలే. పదోనాడు పాలోళ్ళందరితోని వరుసల కూసోని, పగోని తల్లి పేరు మీద తన తెల్ల మీసాలు తీయించుకున్నడు. గా మీసాలు మా అవ్వ సచ్చినప్పుడు తీసిండు, తర్వాత కత్తెర తప్ప కత్తి తగలనియ్యలే. కనకయ్య ఎదురుంగ నిలబడి చూసిండట, ఆఖరు దాక.

గా పదోనాడు గా చిన్న రూముల ఎంతమంది నిండిండ్రో. మాస్కులు గదుమ కింద. వారం తిరగలే, గల్లీకి ముగ్గురు నలుగురు కరోనాతోని పడ్డరు. బాపుకు ముందు దగ్గు, తర్వాత ఆయాసం. దావఖానల మంచం దొరుకుడే కష్టమైంది. ఆక్సిజన్ సిలిండర్ కోసం ఊరవతల కామ్‌రేజ్ దాక టెంపో ఏస్కొని పోయింది పరమేశే. నేను అడగలే, వాడే పోయిండు. తెచ్చి గేటు కాడ దించి, నా మొఖం చూడకుండ ఎళ్ళిపోయిండు.

వార్డులకు మమ్ముల రానియ్యలే. ఒక నర్సమ్మ ఫోన్ పట్టుకుంటే బాపు మొఖం కనవడ్డది. మీసాలు లేక ఎవలో అన్నట్టున్నడు. ఊపిరందక మెల్లగ మాట్లాడిండు. బతుకు మొత్తంల మెల్లగ మాట్లాడింది గదొక్కటే.

"నాకు కొరివి పరమేశ్ పెట్టాలె. పాలోడు గదా. కొడుకుల్లేని లోటు వాడు తీరుస్తడు."

సచ్చేటప్పుడు సుత నన్ను గెలిచి పోదామనుకున్నడు. నాకు ఫోన్ విసిరి కొట్టాలనిపించింది. "మంచిగై ఇంటికి రా, గప్పుడు కొట్లాడుకుందాం" అన్న. రాలే. మూడోనాడు పొద్దుగాల ఫోనొచ్చింది.

తాపీ నది ఒడ్డున శ్మశానంల వరుస. అన్ని దిక్కుల పొగ. బయట కనకయ్య, సోమలింగం తాత, ఇంకో ఇద్దరు. లోపటికి ఒక్కరినే రానిస్తమన్నరు. ప్లాస్టిక్ కోటు ఏసుకున్న కార్యకర్త గేటు కాడికొచ్చి కొడుకెవలని అడిగిండు, "బేటా కౌన్ హై?"

"మై హూఁ", నేనే అని పరమేశ్ ముందటికి నడిచిండు.

వానికి ఏ పాపం తెల్వదు. సచ్చినోని మాట నిలవెడ్తున్న అనుకున్నడు, నాకు మేలు చేస్తున్న అనుకున్నడు. కానీ గా కొరివి వాడు పెడితే వాడు మా బాపు కొడుకే. నాకు అన్ననే. నాసిక్ బహీల రాసింది ఒకటి, నా కండ్ల ముందట వాడే తన చేత్తోని రాసుకునుడు ఒకటి. నేను పోయి వాని భుజం పట్టి ఎనుకకు గుంజిన.

"ఈయనకు కొడుకుల్లేరు" అన్న గా కార్యకర్తతోని, హిందీల, అందరికీ ఇనవడేటట్టు. "వీడు అల్లుడు గావాల్సినోడు. బిడ్డను నేనున్న. కొరివి నేను వెడత."

"పాలోళ్ళం మేముండంగ ఆడిపోరి పెడ్తదా?" అని కనకయ్య ఎగిరిండు. కార్యకర్తకు గా పంచాది ఇనే తీరికెక్కడిది, ఎనుక ఇంకా మస్తు మంది ఉన్నరు. కోటు నా చేతుల పెట్టిండు. నేను లోపటికి పోయిన. బాపును తిట్టుకుంటనే పెట్టిన కొరివి. ఏడ్వలే.

ఇంటికొచ్చి తలుపేసుకున్న. కనకయ్య ఇంట్ల మైల పట్టిండ్రని, ఆ ఇంట్ల మొగోళ్ళందరు పది దినాలు పడతరని పక్కింటామె కిటికీలకెళ్ళి చెప్పింది. పరమేశ్ సుతనా అని అడిగే ధైర్యం నాకు రాలే. పట్టిండంటే నా అన్న అని ఒప్పుకున్నట్టే. నేను గేటు కాడ అన్న మాట గాలికి పోయినట్టే.

నాలుగోనాడు పొద్దుగాల తలుపు కొట్టిండ్రు. తీస్తే పరమేశ్. గడ్డం నున్నగ గీసుకున్నడు. తల దువ్వుకున్నడు. నొసట బొట్టు. ఉతికిన తెల్లంగి. నాలుగు దినాలకే ఏ పాలోడన్న గిట్ల బజార్లకొస్తే మావోళ్ళు చెప్పుతోని కొడతరు. వాని ఎనుక కనకయ్య గడ్డంతోని, చింపిరి తలతోని ఒర్రుకుంట వస్తుండు. "సిగ్గులేదారా నీకు? చిన్నాయిన సచ్చి నాలుగొద్దులు గాలే!" గల్లీల కిటికీలన్ని తెరుసుకున్నయి.

పరమేశ్ ఎనుకకు తిరగలే. బతుకుల తండ్రికి ఎదురు మాట్లాడనోడు.

"నేను మైల పట్టలే ప్రమీలా" అన్నడు.

బాపు సచ్చిపోయినంక గప్పుడు ఏడ్చిన నేను, తలుపు పట్టుకొని, గట్టిగ. ఏడ్చుకుంటనే వాన్ని లోపటికి రమ్మన్న, కనకయ్యకు ఇనవడేటట్టు.