శవం వేషం, ఒక నవ్వు
నిన్న ఆపరేషన్ అయ్యాక తెల్లదుప్పటి కింద కళ్లు మూసుకుని పడుకున్న నాన్నను చూడగానే, తొంభైల్లో కృష్ణ ఒడ్డున జరిగిన ఒక షూటింగ్ గుర్తొచ్చింది.

నాటకాల్లో రాజు మొదలు ఆడవేషం దాకా అన్నీ వేసిన నాన్న, ఆ రోజు సినిమాలో శవం. ముక్కులో దూది, మెడలో బంతిపూల దండ. డైరెక్టర్ "కట్" అన్నా నాన్న లేవలేదు. నిజంగానే చచ్చిపోయాడనుకుని పాడె దగ్గరికి పరుగెత్తి భోరుమన్నాను.

"ఏడవకమ్మా! శవం వేసినాయన నవ్వుతూ ఫొటో దిగాకే లేవాలి. లేకపోతే అరిష్టం," అన్నాడు ఫొటోగ్రాఫర్. "మాస్టారూ, నవ్వండి!"

ఆ దూదితోనే నాన్న పకపకా నవ్వాడు. నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

నిన్న ఆసుపత్రి మంచం పక్కన నిలబడి, "నాన్నా, ఒక్కసారి నవ్వవూ," అన్నాను.

కళ్లు తెరవకుండానే పెదవులు సాగదీసి, "త్వరగా ఫొటో తియ్యవే, లేవాలి," అన్నాడు.