తెడ్డు దెబ్బ

సంగటి కెలికే తెడ్డుతో మా ఆవిడ నుదుటి మీద కొట్టాను. అప్పటికి సర్వే శాఖలో రిటైరై ఏడేళ్ళయింది. కనుబొమ్మ పైన చర్మం చీలి రక్తం కంట్లోకి కారింది. ఆమె కొంగుతో అదుముకుని పొయ్యి ఆపింది. ఒక్క ముద్దే ఎందుకు పెట్టావని నేను ఇంకా అడుగుతూనే ఉన్నాను.

సుగరు ఉందని తెలిసినప్పటి నుంచి మదనపల్లెలోని మా ఇంట్లో చాలా డైట్లు నడిచాయి. ఒక ఏడాది పండ్లే. ఇంకో ఏడాది మాంసమే. తర్వాత సాయంత్రం నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకపోవడం. ప్రతిదీ గొలుసు పట్టి పొలం కొలిచినట్టు పద్ధతిగా మొదలుపెట్టాను. ప్రతిదీ ఏదో ఒకటి పగలడంతో ముగిసింది. పండ్ల ఏడాది బీరువా అద్దం. మాంసం ఏడాది టీవీ. ఉపవాసాల ఏడాది పక్కింటాయన పన్ను.

చివరిది సంగటి. అన్నం మానేస్తే చాలు, రాగి సంగటి ఎంత తిన్నా మందేనని మా వైపు సుగరున్న వాళ్ళం చాలామందిమి నమ్ముతాం. వేరుశనగల ఊరిబిండి పచ్చడి అద్దుకుని పూటకు మూడు ముద్దలు తిన్నాను. సుగరు పెరిగింది. సంగటి కూడా చిన్న ముద్ద ఒకటి చాలని డాక్టరు చెప్పాడు. ఆ మాట ప్రకారం ఆమె ఒక ముద్ద పెట్టిన మధ్యాహ్నమే నేను తెడ్డు ఎత్తాను.

ఆమె ఒక్కతే ఆటోలో వెళ్ళి కుట్లు వేయించుకుంది. అక్కడి నుంచి అటే కుప్పం దగ్గర గుడుపల్లెలో ఉన్న తమ్ముడింటికి వెళ్ళిపోయింది. మూడో రోజు అతను ఫోన్ చేసి, అక్క ఇంక రాదని చెప్పాడు.

ఏం జరిగిందో చూసుకుందామని రోజూ రాసే డైరీ తీశాను. బరువు రాసి ఉంది, సుగరు రాసి ఉంది. కింద ‘మధ్యాహ్నం చిరాకు’ అని ఉంది. పాత డైరీలు తిరగేశాను. అద్దం పగిలిన రోజు చిరాకు. పన్ను రాలిన రోజు చిరాకు. నలభై ఏళ్ళుగా ఏ రోజూ వదలకుండా రాసినవాణ్ణి, ఒక్క దెబ్బ కూడా రాసుకోలేదు. తెడ్డు ఎత్తిన రోజు పేజీలో ఆ మాట కొట్టేసి, ‘కొట్టాను’ అని రాసి కుప్పం బస్సెక్కాను.

పుంగనూరులో బస్సు దిగేవాడెవడో నా కాలు తొక్కాడు. అతను తిరిగి చూసేసరికి నా పిడికిలి అతని ముఖం దాకా వెళ్ళి ఉంది. ముసలాయనకు ఏమైందోనని జనం నవ్వారు. కుప్పం వరకు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

బావమరిది గడప దగ్గర పట్టుపురుగులకు మల్బరీ ఆకు తరుగుతున్నాడు. కత్తి కింద పెట్టకుండానే ఆడనే నిలబడమన్నాడు.

“భూములు కొలిచినోడివి గదా బావా. కొట్టేటప్పుడు గూడా కొల్సి కొట్టినావా?”

లోపలి నుంచి ఆమె వచ్చింది. కన్ను నల్లగా వాచి మూసుకుపోయి ఉంది. కొత్తగా ఏమేం తినాలో రాసుకొచ్చిన కాగితం చాపాను. ముట్టుకోలేదు.

“ఇంగ డైటు అనే మాట నా చెవిన పడగూడదు. నేను తినేదే నువ్వు తినాల. నాతో కూడా కూసుని తినాల. మళ్ళా చెయ్యెత్తితే నా మొగం సూడవు.”

మా ఇళ్ళలో మగవాళ్ళు తిని లేచాకే ఆడవాళ్ళు తింటారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె భోంచేస్తుండగా నేను చూసింది ఆ మధ్యాహ్నం తమ్ముడింట్లోనే. చిన్న ముద్ద ఒకటి, పళ్ళెంలో సగానికి ఆకుకూర, చివర్లో గ్లాసు మజ్జిగ. ఇంతేనా అని అడిగాను.

“ఎప్పుడూ ఇంతే. నువ్వు యాడ సూసినావు?”

రెండు వారాలకు ఆమె మదనపల్లె వచ్చింది. ఏడాది దాటింది. ఆమె తినే తిండే తింటున్నాను, పొద్దున్నే గంటసేపు నడుస్తున్నాను. సుగరు అదుపులో ఉంది. రెండో ముద్ద కోసం ఒళ్ళు మండే రోజులు ఇప్పటికీ ఉన్నాయి. అప్పుడు పళ్ళెం వదిలి వీధిలోకి పోతాను.

ఇద్దరం ఒకేసారి తింటాం. నేను గోడ పక్కన, ఆమె వాకిలి దగ్గర. మధ్యలో నా చెయ్యి అందనంత దూరం ఉంటుంది. దగ్గరికి జరగమని నేను అడగలేదు.